నీళ్ళకింద ఊరు

జెర్సీ సిటీలో మా ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే హడ్సన్ నది. నది దాటితే మన్‌హటన్. 2023 శరదృతువులో ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని అక్కడి మెట్రోపాలిటన్ మ్యూజియంకి వెళ్ళాం. అప్పుడు "ట్రీ అండ్ సర్పెంట్" పేరుతో ప్రాచీన బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరుగుతోంది. అమరావతి, ఫణిగిరి, నాగార్జున కొండ వంటి చోట్ల దొరికిన శిల్పాలు సముద్రాలు దాటి వచ్చాయని విన్నాక, గడప పక్కన ఉన్న పెళ్ళికి వెళ్ళకపోతే తప్పు కదా!

మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. శిల్పాలకంటే ముందు వాటికింద రాసిన చీటీలు చదవడం దానికి అలవాటు. ఒక చీటీ దగ్గర ఆగి, "నాన్నా, ఇది పాలరాయి కాదట, సున్నపురాయట. నాగార్జున కొండ అంటే మన తాతయ్య చెప్పే ఊరేనా?" అంది. "ఆ దగ్గరే" అన్నాను. "అయితే వెళ్ళి చూద్దాం" అంది. "ఊరు లేదమ్మా, నీళ్ళకింద ఉంది" అన్నాను. అంతటితో ఆ మాట అయిపోయిందనుకున్నాను. అవలేదు. ఏడాది తర్వాత వియత్నాంలో ఒక పడవమీద అదే ప్రశ్న మళ్ళీ నా ముందుకొచ్చింది. ఆ కథా, దాని వెనక ఉన్న చరిత్రా మన సభ్యులతో పంచుకుందామని ఈ వ్యాసం.

రెండు పగళ్ళు, ఒక రాత్రి

2024 డిసెంబరు సెలవుల్లో ఇండియా వెళుతూ దారిలో హనోయ్‌లో ఆగాం. హాలాంగ్ అఖాతంలో ఒక రాత్రి పడవలో గడపాలన్నది మా ఆవిడ చిరకాల కోరిక. హనోయ్ నుంచి నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు బస్సు ప్రయాణం. మధ్యాహ్నానికి పడవెక్కితే మర్నాడు భోజనం వేళకి దింపేస్తారు. పడవలోనే గది, పడవలోనే తిండి. ఆ సెప్టెంబరులోనే "యాగి" తుపాను వచ్చి రేవులో ఉన్న యాత్రికుల పడవలు చాలా మునిగిపోయాయి. మేం వెళ్ళేసరికి మళ్ళీ అంతా సర్దుకుని ఉంది.

అఖాతంలో సుమారు 1600 దీవులూ, రాతి దిబ్బలూ ఉన్నాయంటారు. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన కొండలు, వాటి నెత్తిన పచ్చటి చెట్లు, మధ్యలో కదలిక లేని ఆకుపచ్చ నీళ్ళు. హాలాంగ్ అంటే "కిందికి దిగిన డ్రాగన్" అని అర్థం. శత్రువుల నావలు వస్తే స్వర్గం నుంచి డ్రాగన్ దిగి నోట్లోంచి మణులు ఉమ్మిందనీ, అవే ఈ కొండలయ్యాయనీ వాళ్ళ పురాణం. 1994లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. అందం కోసం ఒకసారి ఇచ్చిన గుర్తింపు, 2000లో భూగర్భ విశేషాలకు కూడా ఇచ్చారు.

సుంగ్ సోట్ అనే గుహ చూపించారు. లోపలికి వెళితే మన బొర్రా గుహలు గుర్తుకొచ్చాయి. టీటాప్ అనే చిన్న దీవి ఎక్కించారు. 1962లో హోచిమిన్‌తో కలిసి వచ్చిన సోవియట్ వ్యోమగామి గెర్మన్ టిటోవ్ పేరే ఆ దీవికి పెట్టారు. పడమటి వైపు చూపిస్తూ బాక్ దాంగ్ నది ముఖద్వారం అటేనన్నాడు మా గైడు. 1288లో ఆ నది అడుగున మొనదేలిన దుంగలు పాతి, పోటు వేళ మంగోలుల ఓడల్ని లోపలికి రానిచ్చి, ఆటు వేళ అవి దుంగలకు గుచ్చుకునేలా చేసి ఓడించాడు త్రాన్ హుంగ్ దావో. చందమామలో చదివే కథలా ఉన్నా ఇది చరిత్రే.

రాత్రి భోజనాలయ్యాక పై డెక్కుమీద కూర్చున్నాం. గైడు పాతికేళ్ళ కుర్రాడు. తమ కుటుంబం ఈ నీళ్ళమీద తేలే పల్లెలోనే ఉండేదని చెప్పాడు. తెప్పల మీద ఇళ్ళు, తెప్పమీదే బడి, చేపలే బతుకు. 2014లో ప్రభుత్వం ఇలాంటి పల్లెల నుంచి మూడు వందలకు పైగా కుటుంబాలను ఒడ్డుకు తరలించి కాలనీలో ఇళ్ళిచ్చింది. తుపాన్ల భయం తప్పింది, పిల్లలకు మంచి బడి దొరికింది. "మంచిదే కదా?" అన్నాన్నేను. "మంచిదే. కానీ మా అమ్మమ్మకి నేలమీద నిద్రపట్టేది కాదు. ఇల్లు ఊగడం లేదనేది" అన్నాడు.

మా అమ్మాయి చటుక్కున నా వైపు తిరిగింది. "మన నాయనమ్మగారి ఊరు కూడా ఇలాగే కదా? వీళ్ళు నీళ్ళమీంచి నేలమీదకి పోయారు. మనవాళ్ళ మీదకి నీళ్ళే వచ్చాయి. అది ఎలా ఉంటుందో నువ్వు చూశావా?" నేను చూడలేదు. సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఆనకట్టల గురించి పరీక్షలు రాశాను. నలభై అయిదేళ్ళు వచ్చినా మా నాయనమ్మ పుట్టిన లోయ మీదుగా ఒక్కసారి కూడా లాంచీలో వెళ్ళలేదు.

ఒకే రాయి, రెండు కథలు

ముందు రాయి సంగతి చెప్పి తర్వాత మనుషుల దగ్గరికి వస్తాను. హాలాంగ్ కొండలది సున్నపురాయి. దాదాపు ముప్పై కోట్ల ఏళ్ళ కిందట వెచ్చటి సముద్రం అడుగున గవ్వలూ, పగడాలూ, సన్నటి బురదా పేరుకుని గట్టిపడిన రాయి. గాల్లోని బొగ్గుపులుసు వాయువు కలిసిన వాన నీటికి కాస్త పులుపు గుణం వస్తుంది. సున్నపురాయి ఆ నీటికి మెల్లగా కరుగుతుంది. నెర్రెలు గుహలవుతాయి, గుహల కప్పులు కూలుతాయి, కరగని చోట్లు స్తంభాల్లా మిగులుతాయి. ఆ తర్వాత సముద్రమట్టం పెరిగి ఆ స్తంభాల మధ్యకు నీళ్ళు వస్తే అదే హాలాంగ్.

పల్నాటిలో మనం ఇళ్ళకు పరుచుకునే నాపరాయి కూడా సున్నపురాయి జాతే. ఇది హాలాంగ్ రాయికంటే చాలా పాతది. భూమ్మీద గవ్వలూ చేపలూ ఇంకా పుట్టని కాలంలో సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. అందుకే పలకలు పలకలుగా ఊడి వస్తుంది. మాచర్ల, పిడుగురాళ్ళ చుట్టూ సున్నం బట్టీలూ, సిమెంటు ఫ్యాక్టరీలూ ఉండడానికీ కారణం ఈ రాయే. పందొమ్మిది వందల ఏళ్ళ కిందట శిల్పులు ఉలి పెట్టింది కూడా దీనికే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి, తర్వాత లండన్ చేరిన అమరావతి శిల్పాలను ఇంగ్లీషువాళ్ళు చాలాకాలం పాలరాళ్ళన్నారు. నిజానికి అవి పల్నాటి సున్నపురాళ్ళు. మా అమ్మాయి మన్‌హటన్‌లో చదివిన చీటీ సరిగ్గానే చెప్పింది.

అయితే కృష్ణానది మీద హాలాంగ్‌లో లాంటి స్తంభాల కొండలు కనిపించవు. నల్లమల కొండలు ఎక్కువగా గట్టి ఇసుకరాయి, పలకరాయి రకాలు. అవి అలా కరగవు. అక్కడ నది కొండల్ని కోసుకుంటూ లోతైన లోయ చేసుకుంది. ఆ లోయలో ఒకచోట కొండలు వెనక్కి తగ్గి, మూడు పక్కలా గోడలా నిలిచి, నాలుగో పక్క నదిని పెట్టుకుని ఒక మైదానాన్ని ఇచ్చాయి. కోటకు కోట, రేవుకు రేవు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు ఆ చోటునే రాజధాని చేసుకున్నారు. దాని పేరు విజయపురి.

మేనత్తలు కట్టిన ఊరు

శాతవాహనుల తర్వాత కృష్ణాతీరాన్ని ఏలిన ఈ ఇక్ష్వాకులు సుమారు వందేళ్ళు రాజ్యం చేశారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అతని కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల చాంతమూలుడు, చివర రుద్రపురుషదత్తుడు. పేర్ల ముందు తల్లి గోత్రం పెట్టుకున్నారని పాఠకులు గమనించే ఉంటారు. చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. అతని ఇంటి ఆడవాళ్ళేమో బౌద్ధానికి దానాలు చేశారు. ఒకే ఇంట్లో మగవాళ్ళు యజ్ఞాలూ, ఆడవాళ్ళు విహారాలూ! ఎవరి దారి వారిది, ఎవరూ ఎవరికీ అడ్డు చెప్పినట్టు లేదు.

అందరికంటే పెద్ద దాత చాంతిసిరి. చాంతమూలుడికి తోబుట్టువు, వీరపురుషదత్తుడికి మేనత్త. అతని ఆరో పాలనా సంవత్సరంలో ఆవిడ మహాచైత్యానికి నిలబెట్టించిన ఆయక స్తంభాల శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత ఆవిడ అల్లుడూ వీరపురుషదత్తుడే. ఇంకో మేనత్త హమ్మసిరి కూతుళ్ళు ఇద్దరు కూడా అతని రాణులే. మేనరికం మన ఇళ్ళలో ఎప్పటినుంచి ఉందని మా అత్తగారిని అడిగితే "మా తాతల నాటినుంచి" అంటారు. పదిహేడు వందల ఏళ్ళ కిందటి రాళ్ళమీద రాసి ఉందని తెలిస్తే ఇంకా సంతోషిస్తారు.

మహాచైత్యం అడ్డుకొలత 106 అడుగులు. పునాది బండిచక్రంలా, మధ్యలో ఇరుసు, ఆకులు, చుట్టూ వలయం. ఇటుక ఒక్కొక్కటీ 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం. దాన్ని తవ్వినప్పుడు ఒక గదిలో వెండి భరిణె, దాని లోపల బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క దొరికాయి. బుద్ధుడి ధాతువుగా భావించి దాన్ని సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారంలో భద్రపరిచారు.

బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం మరీ విశేషమైనది. కాశ్మీరం, గాంధారం, చీనా, కిరాత, తోసలి, అపరాంతం, వంగం, వనవాసి, యవన, ద్రవిడ, తామ్రపర్ణి ద్వీపాల్లో ధర్మం చెప్పిన సింహళ ఆచార్యుల కోసం కట్టించిన చైత్యగృహం సంగతి అందులో ఉంది. కంటకసేల ప్రసక్తి కూడా ఉంది. అది నేటి ఘంటసాల. ఆ రేవు పేరు గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీకి కూడా తెలుసు. కృష్ణ మీద పడవలో సరుకు దిగి సముద్రపు రేవుకి చేరితే, అక్కడి నుంచి తూర్పున స్వర్ణభూమి దాకా దారి. హనోయ్ చరిత్ర మ్యూజియంలో వో కాన్ శాసనం అనే పెద్ద రాయి చూశాం. ఆగ్నేయాసియాలో దొరికిన అతి పాత సంస్కృత శాసనాల్లో ఒకటి. దాని అక్షరాలను పండితులు దక్షిణ భారత లిపులతో పోల్చారు. అక్షరాలకున్న తోకల్ని చూసి మా అబ్బాయి "ఇవి మన అక్షరాల తాతలా?" అన్నాడు. తాతలు కాకపోయినా తాతల చుట్టాలు అని చెప్పాను.

విజయపురిలో వైదిక దేవాలయాలూ ఉన్నాయి. నదిగట్టున స్నానఘట్టాలు, కార్తికేయుడి గుళ్ళు, అష్టభుజస్వామి ఆలయం. మెట్లతో కట్టిన ఒక ఆరుబయలు రంగస్థలం కూడా ఉంది. నాగరికత అంటే వేరే ఎవరిదో అనుకునే మన పిల్లలకు చెప్పవలసిన ఊరు ఇది.

బడిపంతులు చూసిన స్తంభం

ఇక్ష్వాకుల తర్వాత ఊరు అడవిలో కలిసిపోయింది. మధ్యయుగంలో కొండమీద కోట కట్టారు, అదీ పాడుబడింది. పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న పల్లెలు, లంబాడీ తండాలు, చెంచుల గుడిసెలు మిగిలాయి. మాచర్ల నుంచి కొండదారిన ఎడ్లబండిలో రావలసిందే.

1926లో సూరపరాజు వేంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు అక్కడ పాతకాలపు స్తంభాలు చూసి పైవాళ్ళకు తెలియజేశారు. మద్రాసు శాసన శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూసి వాటి విలువ గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొన్ని చోట్లు తవ్వారు. అదే తీరుబడిగా సాగి ఉంటే ఇంకో వందేళ్ళు తవ్వినా తరిగే చోటు కాదు. కానీ తీరుబడి దొరకలేదు.

కృష్ణ నీళ్ళు కళ్ళముందే సముద్రంలోకి పోతూంటే పల్నాడూ, నల్లగొండా జొన్న చేలకు కూడా వానకోసం ఆకాశం చూసే రోజులవి. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని పట్టుబట్టి తిరిగారు. 1952లో ఖోస్లా కమిటీ ఆ చోటు అనువైనదని చెప్పింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆనకట్ట లేస్తే లోయ మునుగుతుంది. అంచేత 1954లోనే ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు ప్రారంభించారు. 1960 దాకా, నీళ్ళతో పందెం వేసినట్టు తవ్వారు. రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట దాకా వందకు పైగా స్థలాలు బయటపడ్డాయి. తొమ్మిది కట్టడాలను రాయి రాయీ, ఇటుక ఇటుకా విప్పి నాగార్జున కొండమీదికి చేర్చి మళ్ళీ నిలబెట్టారు. రంగస్థలాన్ని అనుపు దగ్గర మళ్ళీ కట్టారు. 1966లో కొండమీద మ్యూజియం తెరిచారు. ఇప్పుడు ఆ కొండ నీటి మధ్య దీవి.

మా నాన్న 1952లో పుట్టారు. వేసవి సెలవులకు ఆయన అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవారు. అది ఆ లోయలోని ఒక పల్లె. ఊళ్ళో పెద్దవాళ్ళు తవ్వకాల్లోకి రోజుకూలికి వెళ్ళేవారట. తట్టలు మోసిన ఆడవాళ్ళలో మా నాయనమ్మ చెల్లెళ్ళూ ఉన్నారు. పెద్ద ఇటుక కనబడగానే మేస్త్రీ చెయ్యెత్తేవాడు, అందరూ ఆగేవారు, కుంచెలతో మట్టి తుడిచేవారు. "ఎప్పటి గోడకో అంత మర్యాద చేస్తున్నారు, మా గోడల సంగతి ఎవరూ అడగరేం?" అని మా నాయనమ్మ తల్లి అనేదట. ఈ మాట మా ఇంట్లో సామెతలా మిగిలిపోయింది. చిన్నప్పుడు దానికి నవ్వేవాణ్ణి.

కాలువ ఇచ్చింది, కాలువ తీసుకుంది

నాగార్జునసాగర్‌ను రాతికట్టడపు ఆనకట్టల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని చెబుతారు. ఎత్తు 124 మీటర్లు, 26 గేట్లు. కాంక్రీటు పోసే యంత్రాల కంటే మనుషుల చేతులు చవకైన రోజులు కాబట్టి, పరంజాల మీద బారులు తీరి రాళ్ళు నెత్తిన మోసి కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం వైపు, ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల వైపు.

ఇక్కడ మా ఇంటి లెక్క చెప్పాలి. నాన్న తరఫున నాయనమ్మ పుట్టింటివాళ్ళు లోయ ఖాళీ చేసినవాళ్ళు. నదిఒండు నేల పోయి, బదులుగా దూరాన మెట్ట చూపించారు. అన్నదమ్ములు తలో చోటికి చెదిరిపోయారు. అమ్మ తరఫువాళ్ళు సత్తెనపల్లి దగ్గర కుడి కాలువ కింది రైతులు. కాలువ రాకముందు వాళ్ళింట జొన్నన్నమే. వరన్నం పండగకో, చుట్టం వస్తేనో. 1967 తర్వాత ఎకరం వరి, రెండెకరాల మిరప, ఆపైన పత్తి. మా మేనమామలు చదువుకున్నారు. మా అమ్మకు కట్నం ఇచ్చారు. ఆ డబ్బుతో మా నాన్న కొన్న పొలం అమ్మి నన్ను ఇంజనీరింగ్ చదివించారు. ఆ డిగ్రీతో నేను జెర్సీ సిటీ చేరాను.

అంటే నేను ఇక్కడ కూర్చుని ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఆనకట్ట. మా నాయనమ్మకు పుట్టిల్లు లేకపోవడానికి కారణమూ ఆ ఆనకట్టే. "మరి కట్టడం తప్పా, ఒప్పా?" అని మా అమ్మాయి అడిగింది. ఇంజనీరుగా నేను తప్పని చెప్పలేను. లక్షల ఎకరాలకు నీళ్ళిచ్చి, రెండు తరాలను ఆకలి నుంచి దాటించింది. కానీ మా కాలేజీ పుస్తకాల్లో జలాశయం సామర్థ్యం 408 శతకోటి ఘనపుటడుగులని ఉండేది. పూడిక వల్ల ఇప్పుడది సుమారు 312కి తగ్గిందని కొలిచి చెప్పారు. నీళ్ళ లెక్క ఇంత నిక్కచ్చిగా ఉంది. ఏ ఊరు మునిగింది, ఏ వీధిలో ఎవరుండేవారు అన్న లెక్క మాత్రం ఆ పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు. "మా గోడల సంగతి ఎవరూ అడగరేం?" అన్న ముసలావిడ మాటకు నా చదువులో జవాబు లేదు.

ఎగువన శ్రీశైలం కథా ఇంతే. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద గ్రామాలు ఖాళీ అయ్యాయి. అక్కడి సంగమేశ్వరాలయం ఇప్పటికీ వరద రాగానే మునిగి, ఎండాకాలంలో నీళ్ళు దిగాక బయటపడుతుంది. పూజారులూ, భక్తులూ ఆ నాలుగు రోజులకోసం కాచుకుని ఉంటారు.

లాంచీలో

హనోయ్ నుంచి ఇంటికి చేరగానే మా నాన్నతో "సాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీలో వెళదాం" అన్నాను. ఆయన వెంటనే ఔననలేదు. రెండు రోజులు ఆలోచించి, "సరే, పిల్లలు అడిగారు కాబట్టి" అన్నారు.

వెళ్ళదలుచుకున్నవారికి నాలుగు మాటలు. హాలాంగ్‌లోలాగా ఇక్కడ పడవలో పడుకోవడం ఉండదు. పొద్దున్న సాగర్‌లో బయలుదేరితే సుమారు 110 కిలోమీటర్లు నల్లమల మధ్యగా సాగి, ఆరేడు గంటల్లో శ్రీశైలం దిగువన లింగాలగట్టు చేరతారు. రాత్రి శ్రీశైలంలో ఉండి మల్లికార్జునుడి దర్శనం చేసుకుని తిరిగి రావచ్చు. జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు. నీళ్ళు దానికి దగ్గరగా ఉన్న నెలల్లోనే లాంచీ నడుస్తుంది. కరువేడు వస్తే ఆ ఏటికి లేనట్టే. రెండు ఒడ్డులా పులుల అభయారణ్యం. వెనక్కి తగ్గే కొండలు, వాటి మధ్య నీటి మలుపులు, గట్టున నిలబడ్డ కొంగలు, చేపల బుట్టలతో తెప్పలు. అందానికి హాలాంగ్‌కి తీసిపోదు. కాకపోతే అక్కడ ఉన్న వసతుల్లో పదోవంతు కూడా ఇక్కడ లేదు.

ముందురోజు నాగార్జున కొండ దీవికి వెళ్ళాం. మ్యూజియంలో నాన్న శిల్పాలకంటే ఎక్కువసేపు ఒక నమూనా దగ్గర నిలబడ్డారు. మునగకముందు లోయ ఎలా ఉండేదో చూపే నమూనా అది. వేలు పెట్టి ఒక చోటు చూపించబోయి, "ఇక్కడ కాదు, ఇంకొంచెం ఇటు" అని రెండు మూడుసార్లు వేలు మార్చారు.

మర్నాడు లాంచీలో సాగర్ వదిలి కొంతదూరం వెళ్ళాక మా అమ్మాయి ఆయన పక్కకు చేరింది. "తాతయ్యా, మీ అమ్మమ్మగారి ఊరు ఎక్కడ?" నాన్న నీళ్ళవైపు చూస్తూ, "కొండ గుర్తుంది, వాగు గుర్తుంది. ఇప్పుడు వాగు లేదు, కొండలో సగమే పైకి ఉంది. ఎలా చెప్పనమ్మా?" అన్నారు. కాసేపాగి తనంతట తనే చెప్పడం మొదలుపెట్టారు. చింతచెట్టు కింద కచేరీ. ఇద్దరు మంగలులూ, ఒక కుమ్మరీ. పోలేరమ్మ రాయి. ఊళ్ళోకి బండి వస్తే పిల్లలు వెంట పరుగెత్తే బాట. చివరి రోజున మా నాయనమ్మ తల్లి ఇంటి తలుపు చెక్కలు ఊడదీసి బండిమీద వేసుకుని, గడప మాత్రం కదలక అక్కడే వదిలేసిందట. గడప నాపరాయి. ఆ మాట దగ్గర నాన్న ఆగిపోయారు. లాంచీలో మిగతావాళ్ళు సెల్‌ఫోన్లలో కొండల ఫొటోలు తీసుకుంటున్నారు. మా అమ్మాయి ఫోనులో తాతయ్య గొంతు రికార్డవుతోంది. నేను నలభై అయిదేళ్ళలో చేయని పని అది చేసింది.

ఇంటికి వచ్చాక

జెర్సీ సిటీలో లిబర్టీ పార్కు వైపు నడిచేవారికి మోరిస్ కాలువ మొగ తెలిసే ఉంటుంది. ఇప్పుడు అక్కడ విహార పడవలు కట్టేస్తారు. ఒకప్పుడు పెన్సిల్వేనియా బొగ్గు కొండలెక్కి దిగి, వంద మైళ్ళు దాటి పడవల్లో ఇక్కడికి చేరేది. ఎత్తుల దగ్గర పడవను చక్రాల బండిమీద ఎక్కించి వాలుబాటన లాగేవారు. 1836లో జెర్సీ సిటీ దాకా వచ్చిన ఆ కాలువను 1924లో మూసేశారు. చాలా చోట్ల పూడ్చి పైన వీధులు వేశారు. అయినా ఊరూరా దాని జ్ఞాపకాన్ని బోర్డులు పెట్టి కాపాడుకుంటున్నారు. వందేళ్ళ కిందట మూసేసిన కాలువకు ఇంత మర్యాద ఉంటే, మన నీళ్ళకింద ఊళ్ళకు ఎంత ఉండాలి?

మన సంఘంలో సాగర్ కాలువల కింద పెరిగిన కుటుంబాలు చాలా ఉన్నాయి. శ్రీశైలం ముంపు ఊళ్ళ వారు కూడా ఉన్నారు. ఒక మనవి. ఈసారి ఇండియాకు ఫోను చేసినప్పుడు, ఇంట్లో ఎనభై దాటినవాళ్ళుంటే మీ ఊరు ఏది, ఎవరు పక్కింట్లో ఉండేవారు, గుడి ఎక్కడ, బావి ఎక్కడ అని అడగండి. జవాబులు రాసి పెట్టండి. చాంతిసిరి పేరు రాతిమీద ఉంది కాబట్టి మనకు తెలిసింది. మా నాయనమ్మ తల్లి పేరు ఏ రాతిమీదా లేదు. రాయవలసింది మనమే.

సంక్రాంతి పెద్దల పండగ. పెద్దలకు పెట్టుకునే రోజున మా నాయనమ్మ అందరి పేర్లూ చెప్పి, చివరకు "మా ఊరికి" అని ఇంకో విస్తరి వేసేది. ఊరికి విస్తరేమిటని మేం నవ్వేవాళ్ళం. ఈ ఏడు మా జెర్సీ సిటీ అపార్టుమెంటులో, న్యూవార్క్ అవెన్యూ కొట్లో కొన్న బియ్యంతో పొంగలి వండాక, మా అమ్మాయి అడగకుండానే ఇంకో విస్తరి తెచ్చి వేసింది.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.